ఫిట్స్ ఉన్న పిల్లలకి టెక్సస్ చట్టం: కాగితం మీరిస్తేనే కదులుతుంది

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా విషయం తెలియాలి కదా. పాపకి ఎనిమిదేళ్లు, పోయినేడాది మూర్ఛ అని తేలింది, రెండు పూటలా కెప్రా అనే ఫిట్స్ మందు వాడుతున్నారు, అత్యవసరానికి ముక్కులో కొట్టే స్ప్రే ఉంది. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకి మారుతున్నారు, ఆగస్టులో కొత్త స్కూల్లో మూడో క్లాసు. అత్తగారేమో "అక్కడ అంతా మనవాళ్లే, స్కూల్లో చెబితే నాలుగు రోజుల్లో అందరికీ తెలిసిపోతుంది, ఆడపిల్ల, రేపు పెళ్లి చేయాలి" అంటున్నారు. మీ ఆయనేమో "టెక్సస్‌లో దీనికి చట్టమే ఉందట, స్కూలు వాళ్లే చూసుకుంటారు" అని ధైర్యంగా ఉన్నారు. చెప్పాలా, చట్టం ఎంతవరకు పనికొస్తుంది, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఇవన్నీ వర్తిస్తాయా అని మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్లుగా టెక్సస్ పబ్లిక్ స్కూల్లో, అంటే ప్రభుత్వ బడిలో, నర్సుగా చేస్తున్నాను. లాయర్ని కాదు, న్యూరాలజిస్టుని కాదు, కానీ ఈ చట్టం స్కూలు గుమ్మం లోపల ఎలా నడుస్తుందో, ఎక్కడ నడవదో రోజూ చూసే పని నాది. కాబట్టి సూటిగా చెప్పేస్తున్నాను. చెప్పండి. స్కూలు మొదలవ్వకముందే చెప్పండి. మీ ఆయన అన్నది సగం నిజం: చట్టం ఉంది, మంచి చట్టమే, కానీ మీ పాప కోసం అది పని మొదలుపెట్టేది మీరు, డాక్టరు సంతకాలు పెట్టిన కాగితం నర్సు చేతిలో పడిన రోజు నుంచి. ఆ కాగితం లేకపోతే స్కూలు దృష్టిలో మీ పాపకి ఏ జబ్బూ లేదు.

ఆ చట్టం పేరు శామ్స్ లా. 2019లో హౌస్ బిల్ 684గా పాస్ అయింది, ఒక టెక్సస్ అమ్మాయి పేరు మీద ఆమె కుటుంబం వెంటపడి తెచ్చుకున్నది. ఇది ఒక్క టెక్సస్ సంగతి కాదు, అంతకు ముందు ఏడాది 2018లో కెంటకీ మొదలుపెట్టింది. ఎపిలెప్సీ ఫౌండేషన్ అనే జాతీయ సంస్థ ఒక నమూనా బిల్లు తయారుచేసి రాష్ట్రం వెంట రాష్ట్రం తిరుగుతోంది, ఇప్పటికి 20కి పైగా రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో చట్టం చేశాయి. ఇండియానా, ఇల్లినాయి కూడా 2019లోనే చేశాయి. మీరున్న న్యూజెర్సీలో దాని పేరు పాల్స్ లా, 2020 జనవరిలో గవర్నర్ సంతకం పెట్టారు. నమూనా బిల్లులో అడిగేవి ఐదు: సిబ్బందికి శిక్షణ, ప్రతి పిల్లాడి ఫైల్లో ఒక సీజర్ ప్లాన్ (సీజర్ అంటే ఫిట్స్), డాక్టర్ రాసిన అత్యవసర మందు స్కూల్లో ఇచ్చే ఏర్పాటు, తోటి పిల్లలకి అవగాహన, సాయం చేసిన ఉద్యోగి మీద కేసు పడకుండా రక్షణ. ఐదింటినీ అన్ని రాష్ట్రాలూ తీసుకోలేదు. ఒకచోట శిక్షణ గట్టిగా ఉంటుంది, ఇంకోచోట పిల్లల అవగాహన సంగతి ఎగిరిపోయి ఉంటుంది. అందుకని "ఎడిసన్‌లో ఇలా చేశారు, ఇక్కడా ఇలాగే ఉంటుంది" అనుకుని రావద్దు.

టెక్సస్ చట్టంలో మీకు కావాల్సినవి రెండు సెక్షన్లు. ఎడ్యుకేషన్ కోడ్‌లో 38.032 అన్నది ప్లాన్ గురించి. దాని పూర్తి పేరు సీజర్ మేనేజ్‌మెంట్ అండ్ ట్రీట్‌మెంట్ ప్లాన్. స్కూల్లో పిల్లకి ఫిట్స్ విషయంలో జాగ్రత్త కావాలనుకున్న తల్లిదండ్రులు, వైద్యం చేస్తున్న డాక్టరు కలిసి తయారుచేసిన ప్లాన్‌ని స్కూల్ డిస్ట్రిక్టుకి, అంటే ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థకి, ఇవ్వాలి అంటుంది. ఎప్పుడు అంటే, విద్యా సంవత్సరం మొదట్లో లేదా అంతకు ముందు. మధ్యలో చేరితే చేరేటప్పుడు, మధ్యలో జబ్బు బయటపడితే వీలైనంత త్వరగా. అందులో ఏముండాలి: స్కూల్లో ఏ సేవలు అందించవచ్చో, పాప తన ఫిట్స్ గురించి ఎంత అర్థం చేసుకోగలదో, ఎంతవరకు తనని తాను చూసుకోగలదో, ఇద్దరి సంతకాలు. గమనించండి, మొత్తం "తల్లిదండ్రులు కోరుకుంటే" అన్న చోట మొదలవుతుంది. న్యూజెర్సీ చట్టమూ అంతే, అక్కడ కూడా ఏటేటా ప్లాన్ నర్సుకి ఇవ్వాల్సింది తల్లిదండ్రులే, దాన్ని బట్టి నర్సు పాప పేరు మీద వేరే హెల్త్ ప్లాన్ రాస్తుంది. మీరు ఎడిసన్‌లో ఇచ్చి ఉంటే ఆ ప్రతి ఒకటి తప్పకుండా తెచ్చుకోండి. ఇవ్వలేదంటే మీ పాప ఇన్నాళ్లూ పాల్స్ లా ఉన్న రాష్ట్రంలో ఉండి కూడా ఆ చట్టం బయటే ఉంది.

రెండోది 38.033, శిక్షణ గురించి. స్కూలు నర్సు రాష్ట్ర విద్యా శాఖ ఆమోదించిన ఆన్‌లైన్ కోర్సు చేయాలి. పిల్లలతో రోజూ మెలిగే మిగతా ఉద్యోగులు కూడా, అంటే టీచర్లు, సహాయకులు, వాళ్ల స్థాయికి తగిన కోర్సు చేయాలి. ఇది మీరు కాగితం ఇచ్చినా ఇవ్వకపోయినా జరుగుతుంది. మీ ఆయన నమ్మకం బహుశా దీని మీదే. నిజమే, పూర్వంతో పోలిస్తే చాలా తేడా వచ్చింది. కింద పడి కొట్టుకుంటున్న పిల్లని పట్టుకుని అదిమిపెట్టకూడదనీ, నోట్లో ఏమీ పెట్టకూడదనీ ఇప్పుడు ఎక్కువమందికి తెలుసు. కానీ ఒక విషయం ఆలోచించండి. ఆన్‌లైన్లో కోర్సు చేసి, చివర్లో ప్రశ్నలకి జవాబులు క్లిక్ చేసి, సర్టిఫికెట్ ప్రింట్ తీసిన టీచరు, అదే సంవత్సరం ఇంకా బోలెడు ఆన్‌లైన్ శిక్షణలు చేసి ఉంటుంది. ఆవిడకి గుర్తుండేది క్లాసులో "ఫలానా అమ్మాయికి వస్తుంది, ఇలా వస్తుంది, వస్తే ఇది చేయాలి" అని నర్సు వచ్చి చెప్పిన మాట. నర్సు చెప్పాలంటే నర్సుకి తెలియాలి.

పైగా మీ పాపకి వచ్చేవి అందరూ ఊహించుకునే రకం కాదు. మీరు రాశారు చూడండి, "ఒక్కోసారి అలా చూస్తూ ఉండిపోతుంది, పెదాలు చప్పరిస్తుంది, పిలిస్తే పలకదు, నిమిషం తర్వాత ఏమీ జరగనట్టు ఉంటుంది" అని. ఈ రకం ఫిట్స్‌కి స్కూల్లో వచ్చే పేరు "పరధ్యానం". తెలియని టీచరు మొదటిసారి మందలిస్తుంది, రెండోసారి మీకు మెయిల్ పెడుతుంది, మూడోసారి శ్రద్ధ లోపం ఉందేమో పరీక్ష చేయించండి అంటుంది. ఇంకోటి, కెప్రా వాడే పిల్లల్లో కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి, అది ఆ మందుకి బాగా తెలిసిన దుష్ప్రభావం. స్కూలుకి మందు సంగతి తెలియకపోతే అది కాస్తా క్రమశిక్షణ సమస్యగా రికార్డుల్లోకి ఎక్కుతుంది. అత్తగారు పాపకి చెడ్డపేరు రాకూడదనే కదా దాచమంటున్నారు, దాస్తే వచ్చే చెడ్డపేరు ఇదీ.

ఇక అసలు భయం గురించి. మన సముదాయంలో విషయం పాకుతుంది అన్నది వట్టి భయం కాదు, నాకూ తెలుసు, గుడిలో, డాన్స్ క్లాసులో, వాట్సాప్ గ్రూపులో ఏ మాట ఎంత తొందరగా తిరుగుతుందో. కానీ మీరు స్కూలు నర్సుకి చెప్పింది ఆ దారిన వెళ్లే మాట కాదు. స్కూలు దగ్గర ఉన్న ఆరోగ్య వివరాలు విద్యా రికార్డుల కిందికి వస్తాయి, వాటికి ఫెర్పా అనే ఫెడరల్ చట్టం కాపలా. పాప భద్రత కోసం తెలియాల్సిన ఉద్యోగులకి తప్ప ఇంకొకరికి చెప్పే హక్కు నాకు లేదు. వాలంటీరుగా వచ్చే తల్లులకి చెప్పకూడదు, పక్కింటి ఆంటీ అదే స్కూల్లో ప్రత్యామ్నాయ టీచరు అయినా, ఆ రోజు మీ పాప క్లాసు చూస్తుంటే తప్ప ఆవిడకి తెలియాల్సిన పని లేదు. క్లాసులో మిగతా పిల్లలకి చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. మీరు వద్దంటే చెప్పం. (నన్నడిగితే, పాప ఒప్పుకుంటే చెప్పించడమే మంచిది. ఎనిమిదేళ్ల పిల్లలకి ఐదు నిమిషాలు వివరిస్తే చాలు, తర్వాత వాళ్లే మొదట పరిగెత్తుకొచ్చి "మిస్, తనకి వస్తోంది" అని చెప్తారు.) స్కూల్లో నలుగురి ముందు, ఎవరికీ ముందుగా తెలియకుండా ఫిట్స్ వచ్చి, టీచర్ కంగారుపడి కేకలు పెట్టి, అంబులెన్సు సైరన్‌తో వచ్చి తీసుకెళ్తే, అప్పుడు పాకుతుంది మాట. ఊరంతా.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి అత్తగారికి ఒక సంగతి చెప్పండి. మన దేశంలో హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవాళ్లు పెళ్లికి తగరు అన్నట్టు ఒక మాట ఉండేది, మతిస్థిమితం పక్కనే పెట్టారు దాన్ని. 1999లో వివాహ చట్టాల సవరణతో ఆ మాట తీసేశారు, ప్రత్యేక వివాహ చట్టంలోంచి కూడా. అంటే ఆవిడ తరం పెరిగిన రోజుల్లో చట్టమే ఆ మచ్చ వేసింది, ఆవిడ భయం గాల్లోంచి పుట్టలేదు. కానీ ఇప్పుడు ఆ చట్టం లేదు. అసలు దాచి చేసిన పెళ్లిళ్లలోనే తర్వాత "మోసం చేశారు" అంటూ కోర్టుల దాకా వెళ్లే గొడవలు. ఎనిమిదేళ్ల పిల్ల పెళ్లి గురించి ఇంత రాయాల్సి వచ్చినందుకు నాకే విసుగ్గా ఉంది, కానీ ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇది పనికొస్తుందని రాశాను.

హెచ్1బీ సంగతి. పబ్లిక్ స్కూల్లో చదువుకి వీసాతో పనిలేదు. పిల్లల ఇమిగ్రేషన్ స్థితిని బట్టి చదువు నిరాకరించకూడదని అమెరికా సుప్రీం కోర్టు 1982లోనే తీర్పిచ్చింది, ఆ కేసు పుట్టింది టెక్సస్‌లోనే. శామ్స్ లా కింద ప్లాన్ ఇవ్వడానికీ, కింద చెప్పబోయే 504కీ ఎవరూ మీ వీసా అడగరు. గ్రీన్ కార్డు వైద్య పరీక్షలో ఇబ్బంది అవుతుందా అని ఇంకో అమ్మ కూడా అడిగారు. ఆ పరీక్షలో తిరస్కరణకి దారితీసేవి అంటురోగాలు, టీకాలు లేకపోవడం, మాదకద్రవ్యాలు, ఇతరులకి హాని చేసే ప్రవర్తనతో కూడిన రుగ్మతలు. మూర్ఛ ఉండటం ఆ జాబితాలోది కాదు. మిగతా సందేహాలు మీ ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి.

ఇప్పుడు 504. చాలామంది మనవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తారు. శామ్స్ లా ప్లాన్ ముఖ్యంగా ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలి, మందు ఎవరు ఇవ్వాలి అన్నదానికి. ఫిట్స్ వచ్చిన తర్వాత చదువు సంగతి ఏంటి? గంటసేపు మగతగా ఉండి పరీక్ష రాయలేకపోతే? ఆసుపత్రికి వెళ్లి క్లాసులు పోతే? పిక్నిక్‌కి తీసుకెళ్లం, అమ్మ వస్తేనే తీసుకెళ్తాం అంటే? వీటికి 1973 నాటి రీహాబిలిటేషన్ యాక్ట్‌లోని సెక్షన్ 504 ఉంది. ఇది ఫెడరల్ చట్టం, 50 రాష్ట్రాల్లోనూ ఉంటుంది, శామ్స్ లా లాంటివి లేని రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి కూడా ఇదే దిక్కు. "మందుతో కంట్రోల్లో ఉంది, నెలకోసారి కూడా రావట్లేదు, కాబట్టి అర్హత లేదు" అని స్కూలు వాళ్లెవరైనా అంటే నమ్మకండి. 2008లో వికలాంగుల హక్కుల చట్టాన్ని సవరించినప్పుడు, వచ్చిపోయే జబ్బు అయినా అది వచ్చినప్పుడు ఎంత ఇబ్బంది పెడుతుందో దాన్ని బట్టి చూడాలనీ, మందు వల్ల కలిగిన మేలుని లెక్కలోకి తీసుకోకూడదనీ స్పష్టంగా రాశారు. చదువులో నిజంగా వెనకబడుతోంది, ప్రత్యేక బోధన కావాలి అంటే ఐఈపీ (ఆ పిల్లకి విడిగా రాసే ప్రత్యేక విద్యా ప్రణాళిక) దాకా వెళ్లొచ్చు, మూర్ఛ "ఇతర ఆరోగ్య లోపం" అన్న విభాగం కిందికి వస్తుంది. మీ పాపకి ప్రస్తుతం 504 చాలనిపిస్తోంది.

504 మీటింగు అడిగేటప్పుడు నోటితో అడగొద్దు, మెయిల్ రాయండి. తేదీ ఉంటుంది, జవాబు రాకపోతే చూపించడానికి ఉంటుంది. మనవాళ్లకి టీచర్ని ఏదైనా అడగాలంటే మొహమాటం, "వాళ్లకి ఇబ్బంది ఎందుకులే" అనుకుంటారు. ఇది వాళ్ల ఉద్యోగం, మీరు అడగకపోతేనే తర్వాత ఇబ్బంది.

ప్లాన్‌లో ఏం రాయించాలి అన్నది అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను. చాలా ప్లాన్లు నా దగ్గరికి వచ్చేసరికి డాక్టర్ ఆఫీసులో ఎవరో హడావిడిగా టిక్కులు పెట్టినట్టు ఉంటాయి. "సీజర్ వస్తే 911కి (ఇక్కడి అత్యవసర నంబరు) ఫోన్ చేయాలి" అని ఒక్క వాక్యం. దాన్ని బట్టి పాప అర నిమిషం అలా చూస్తూ ఉండిపోయినా నేను అంబులెన్సు పిలవాలా? పిలిస్తే ఆ బిల్లు మీకొస్తుంది, పాప ప్రతిసారీ స్ట్రెచర్ మీద వెళ్తుంది. అందుకని ఆమెకి మామూలుగా వచ్చే రకం ఎలా ఉంటుందో, ఎంతసేపు ఉంటుందో, తర్వాత ఎంతసేపటికి మామూలవుతుందో మీ మాటల్లోనే రాయించండి. మీ ఫోన్లో వీడియో ఉంటే నర్సుకి చూపించండి, వంద వాక్యాల కంటే అది నయం. ఆ తర్వాత, ఎప్పుడు స్ప్రే, ఎప్పుడు 911. సాధారణంగా ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే అత్యవసరం. స్పృహ రాకుండానే మళ్లీ మొదలైనా, నీళ్లలో వచ్చినా, దెబ్బ తగిలినా, ఆగిన తర్వాత ఊపిరి సరిగా తీసుకోకపోయినా 911. స్ప్రే మాత్రం ఐదు నిమిషాల వరకు ఆగాలా, ముందే ఇవ్వాలా, చిన్నవి వరసగా ఎన్ని వస్తే ఇవ్వాలి, ఇది ప్రతి పాపకీ వేరు. డాక్టరే అంకెలతో రాయాలి. "అవసరమైతే" అని రాస్తే నేను మళ్లీ ఫోన్ చేసి అడుగుతాను, మీకు ఆలస్యం.

స్ప్రే వచ్చాక మా పని ఎంత మారిందో ఒక మాట చెప్పాలి. పూర్వం స్కూల్లో ఇవ్వగలిగింది మలద్వారం ద్వారా ఇచ్చే డయాజెపామ్ జెల్ ఒక్కటే. క్లాసులో పదిమంది పిల్లల మధ్య, పెరిగిన పిల్లలకి కూడా, బట్టలు తొలగించి ఇవ్వాలి. ఏ టీచరు ముందుకొస్తారు? 2019లో ముక్కులో కొట్టే మిడజోలామ్‌కి, 2020 జనవరిలో ముక్కులో కొట్టే డయాజెపామ్‌కి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. మొదటిది 12 ఏళ్లు దాటినవాళ్లకి, రెండోది మొదట్లో ఆరేళ్లు దాటినవాళ్లకి. మీ దగ్గరున్నది రెండోదే అయ్యుంటుంది. దాని డోసు బరువుని బట్టి ఉంటుంది, పిల్లలు పెరిగేకొద్దీ మారుతుంది, పోయినేడాది పెట్టెనే ఈ ఏడాదీ పంపించొద్దు, బరువు చూసి డాక్టర్ని అడగండి, మీద గడువు తేదీ కూడా చూడండి. స్కూలుకి ఒకటి, ఇంటికి ఒకటి రాయమనండి. ఫార్మసీ లేబుల్ ఉన్న అసలు పెట్టెలోనే ఇవ్వాలి, జిప్ సంచిలో వేసి పాప బ్యాగులో పంపితే నేను తీసుకోలేను. ఇన్సూరెన్సు వాళ్లు ముందస్తు అనుమతి అడిగి వారాలు తిప్పడం మామూలే, అందుకే జులైలోనే మొదలుపెట్టండి.

సాయం చేస్తే ఉద్యోగం పోతుందేమో, కేసు పెడతారేమో అన్న భయం టీచర్లలో నిజంగా ఉండేది, ఇంకా కొందరిలో ఉంది. చట్టం దానికి జవాబిచ్చింది, ప్లాన్ ప్రకారం నడుచుకున్న స్కూలు ఉద్యోగికి బాధ్యత నుంచి రక్షణ ఉంది. మీరు 504 మీటింగులో "మేం కేసులు పెట్టేవాళ్లం కాదు, పాపని చూసుకోండి చాలు" అని ఒక మాట అనండి. చట్టంలో లేని ధైర్యం ఆ మాటతో వస్తుంది.

నర్సు లేని సమయం గురించి అడగండి. ఇది తల్లిదండ్రులు అడగని ప్రశ్న. నేను సెలవు పెట్టిన రోజు, ట్రిప్పుకి వెళ్లిన రోజు, స్కూలు తర్వాత క్లబ్బు, అప్పుడు పాప దగ్గర ఉండేవాళ్లలో స్ప్రే ఇవ్వడం ఎవరికి నేర్పించారు, స్ప్రే ఎక్కడుంటుంది, గదికి తాళం వేస్తే తాళం ఎవరి దగ్గర? బస్సు కూడా. న్యూజెర్సీ చట్టం బస్సు డ్రైవరుకి పాప పరిస్థితి, ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో తెలియజేయమని విడిగా చెప్పింది, అది నాకు నచ్చిన అంశం. ఇక్కడ మీరే అడిగి ప్లాన్‌లో బస్సు అన్న పదం పెట్టించండి. ఈత క్లాసు ఉంటే కళ్లు తిప్పకుండా ఒక మనిషి చూడాలి, టెక్సస్‌లో ప్రతి అపార్టుమెంటుకీ ఒక కొలను, మూర్ఛ ఉన్న పిల్లలకి నీళ్లే పెద్ద ప్రమాదం. ఇంట్లో కూడా తొట్టి స్నానం వద్దు, షవరు మేలు, గడియ వేసుకోనివ్వకండి.

ప్రైవేటు స్కూలు, డే కేర్, వారాంతపు తెలుగు బడి, కూచిపూడి క్లాసు, వీటికి శామ్స్ లా శిక్షణ నియమం తగలదు, అది పబ్లిక్ స్కూళ్ల వ్యవస్థకి చేసిన చట్టం. అక్కడ మీరు నమ్మే ఒక పెద్దమనిషికి చెప్పి, స్ప్రే ఇచ్చి, చూపించాలి. ముఖ్యంగా మనవాళ్ల మధ్య, ఎందుకంటే ఫిట్స్ వస్తే తాళాల గుత్తి చేతిలో పెట్టేవాళ్లు, చెప్పు వాసన చూపించేవాళ్లు, నోట్లో చెంచా దూర్చేవాళ్లు ఫ్రిస్కో పక్కనున్న ప్లేనోలోనూ ఉన్నారు, పీహెచ్‌డీలు చేసినవాళ్లు సహా. తాళాల వల్ల హాని లేదు లెండి, ఎలాగూ ఎక్కువ ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, ఆగింది తాళాల వల్ల అనుకుంటారు. చెంచా మాత్రం పళ్లు విరగ్గొడుతుంది. నాలుక మింగేయడం అన్నది జరగదు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, టైము చూడండి, పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు కూడా పట్టొద్దు.

చట్టం గురించి ఒకాయన ఇంకో ప్రశ్న అడిగారు, వాళ్ల రాష్ట్రంలో ఇలాంటిది లేదట, "మనకి ఓటే లేదు, మనమేం చేస్తాం" అన్నారు. ఓటు లేకపోయినా శాసనసభ కమిటీ ముందు మాట్లాడొచ్చు. పౌరసత్వం అడగరు, వీసా అడగరు, సొంత అనుభవం చెప్పుకోవడానికి లాబీయిస్టుగా (చట్టసభ్యులని ఒప్పించే పని చేసేవాళ్లుగా) నమోదు కానక్కర్లేదు. గ్రీన్ కార్డు లేనివాళ్లు ఎన్నికల చందాలు మాత్రం ఇవ్వకూడదు, అది ఫెడరల్ చట్టప్రకారం నేరం, ఆ గీత దాటొద్దు. ఈ చట్టాలు దాదాపు అన్నీ ఒక కుటుంబం వచ్చి రెండు మూడు నిమిషాలు తమ కథ చెప్పడంతోనే కదిలాయి, అందుకే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పిల్ల పేరు, పిల్లాడి పేరు మీద ఉన్నాయి. మీ రాష్ట్రంలో సమావేశాలు ఎప్పుడో చూసుకోండి. టెక్సస్‌లో అయితే బేసి సంవత్సరాల్లో జనవరి నుంచి 140 రోజులే, ఆ కిటికీ తప్పితే మళ్లీ రెండేళ్లు. ఎపిలెప్సీ ఫౌండేషన్ వాళ్లకి రాస్తే ఏ శాసనసభ్యుడు బిల్లు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడో చెప్తారు. మన సంఘాలు సంక్రాంతికి, ఉగాదికి హాళ్లు నింపేస్తాయి, ఒక్క కమిటీ విచారణకి నలుగురు తల్లిదండ్రులు వెళ్లరు. దెప్పిపొడవడం కాదు, వెళ్తే వినేవాళ్లున్నారని చెప్తున్నాను.

డ్రైవింగ్ గురించి మీకు ఇంకా ఎనిమిదేళ్ల సమయం ఉంది కానీ పెద్ద పిల్లల తల్లులు తప్పకుండా అడుగుతారు. టెక్సస్‌లో మామూలు లైసెన్సుకి సాధారణంగా మూడు నెలలు ఫిట్స్ లేకుండా ఉండాలని చూస్తారు, డాక్టరు విధిగా రాష్ట్రానికి తెలియజేయాలన్న నియమం లేదు. న్యూజెర్సీ, కాలిఫోర్నియా, పెన్సిల్వేనియా లాంటి ఆరు రాష్ట్రాల్లో డాక్టర్లు తెలియజేసి తీరాలి. ఇండియాలో లైసెన్సు దరఖాస్తులో మూర్ఛ ఉందా అని అడిగి, ఉందంటే ఆపేస్తారు, ఏళ్ల తరబడి రాకపోయినా అంతే. అక్కడ జనం దాచడానికి అదీ ఒక కారణం.

సడన్‌గా ప్రాణం పోవడం గురించి మీరు రాత్రంతా నెట్‌లో చదివి టెన్షన్ పడ్డానని రాశారు. అది ఉంది, లేదని చెప్పను. 2017లో అమెరికా న్యూరాలజీ అకాడమీ ఇచ్చిన లెక్క ప్రకారం మూర్ఛ ఉన్న పిల్లల్లో ఏడాదికి 4,500 మందిలో ఒకరికి. పెద్దవాళ్లలో వెయ్యిలో ఒకరికి. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ ఎక్కువగా వచ్చేవాళ్లలో ప్రమాదం పెరుగుతుంది, తగ్గించే మార్గం ఫిట్స్ తగ్గించడమే, అంటే మందు మానకుండా వేయడం, నిద్ర చెడకుండా చూడడం. డిసెంబర్లో ఇండియా వెళ్తే విమానంలో మందు టైము ఎలా సర్దాలో న్యూరాలజిస్టుని ముందే అడిగి రాసుకోండి. జెట్‌లాగ్, పెళ్లిళ్లలో అర్ధరాత్రి దాకా మేలుకోవడం, జ్వరం, ఈ మూడూ కలిసిన సెలవుల తర్వాత జనవరి మొదటి వారంలో నా గదికి వచ్చే పిల్లలు ఎక్కువ.

ఇప్పుడు వరసగా చేయాల్సింది. ఎడిసన్ వదిలే ముందు ప్రస్తుత న్యూరాలజిస్టు చేత ఫ్రిస్కో డిస్ట్రిక్టు ఫారం నింపించండి, వెబ్‌సైట్‌లో దొరకకపోతే నర్సుల ఆఫీసుకి మెయిల్ పెట్టి తెప్పించుకోండి. మందు ఆర్డర్ల మీద టెక్సస్ లైసెన్సు ఉన్న డాక్టర్ సంతకమే కావాలని కొన్నిచోట్ల అడగొచ్చు, అదీ అదే మెయిల్‌లో అడిగేయండి, ఎందుకంటే కొత్త ఊళ్లో పిల్లల న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్ నెలల తర్వాత దొరుకుతుంది, ఇవాళే ఫోన్ చేసి పేరు రాయించుకోండి. కనీసం మూడు నెలల మందు చేతిలో పెట్టుకుని బయలుదేరండి. పాత 504 ఉంటే కాపీ. స్కూలు తెరిచే ముందు వారం టీచర్లు వచ్చేస్తారు, ఆ వారమే నర్సుని కలవండి, మొదటి రోజు కాదు, మొదటి రోజు నా గదిలో నిలబడటానికి చోటుండదు. కారులో డ్రైవ్ చేస్తూ వస్తున్నామన్నారు కదా, దారిలో భోజనానికి ఆగినప్పుడు స్ప్రేని కారులో వదలకండి, ఆ ఎండకి పాడవుతుంది. మీ హ్యాండ్‌బ్యాగులోనే ఉంచుకోండి.